చంకలో పాప, వీపున బ్యాగు, స్టేషన్‌లో రెండే నిమిషాలు

శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో మా రైలు ఆగేది రెండు నిమిషాలు. అత్తగారి వైపు వాళ్లంతా దాన్ని ఆమదాలవలస స్టేషన్ అనే అంటారు. సికింద్రాబాద్‌లో సాయంత్రం ఎక్కితే మర్నాడు టిఫిన్ల వేళకి అక్కడ దిగాలి. పదిహేను గంటల పైనే ప్రయాణం. వెళ్లేది నేనూ, ఎనిమిది నెలల మా పాప. మా ఆయనకి సెలవు దొరకాలంటే ఇంకో పది రోజులు పడుతుంది. అన్ని రోజులు ఆగే పరిస్థితి మాకు లేదు.

ఎందుకంటే అక్కడ మామ్మ ఉంది. మా ఆయనకి నాయనమ్మ. ఎనభై ఆరేళ్లు. తుంటి ఎముక విరిగి మంచానపడింది. చూపు కూడా బాగా తగ్గింది. ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే మాట: "గుంటని ఓపాలి సూపించండర్రా." వీడియో కాల్‌లో పాపని చూపిస్తే, "ఏటి, ఏటీ కనిపించట్లేదు" అని ఫోన్ పక్కన పెట్టేస్తుంది. ఈ ముచ్చట వీడియో కాల్‌తో తీరేది కాదు.

మా పుట్టిల్లు హనుమకొండ. సంగతి చెప్పగానే అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "గింత చిన్న పిల్లనేసుకొని గంత దూరం ఒక్కదానివే పోతవా? ఏడాదన్న నిండనీ" అంది. అమ్మ భయం అమ్మది. పాపని చూసే పిల్లల డాక్టర్ మాత్రం బరువు, టీకాలు చూసి, "హాయిగా వెళ్లండి. నీళ్లు, చేతుల శుభ్రం మీద మాత్రం కన్నేసి ఉంచండి" అన్నారు. ఇంకోమాట కూడా చెప్పారు. టీకా వేయించిన మర్నాడే రైలెక్కొద్దని. ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు, అదేదో ఇంట్లో ఉండగా వస్తే నయం కదా. తొమ్మిదో నెల నిండాక వేసే మీజిల్స్-రుబెల్లా టీకాకి ఇంకా టైముంది కాబట్టి మాకు ఆ చిక్కు లేదు.

సరే, వెళ్తున్నాం. మరి ఏం సర్దాలి?

మెట్ల పరీక్ష

నెట్‌లో వెతికితే చాంతాడంత లిస్టులు దొరుకుతాయి. అందులో సగం సామాను కారు డిక్కీ ఉన్నవాళ్లకి. మన రైళ్లకి, మన ప్లాట్‌ఫారాలకి పనికిరావు. పైగా ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కోటి తెచ్చి మంచం మీద పెట్టారు. ప్లాస్టిక్ స్నానం టబ్బు, వాకర్, దోమతెర, బొమ్మల సంచి, పద్నాలుగు ఫ్రాకులు. పక్క ఫ్లాట్ అక్క ప్రేమగా స్ట్రోలర్ ఇస్తానంది. స్ట్రోలర్‌తో ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కడం ఎప్పుడైనా చూశారా? పాపని ఒకరు, బండిని ఒకరు మోయాలి. నాకున్నవి రెండు చేతులు.

అందుకే సామాను లెక్క పక్కన పెట్టి, చేతుల లెక్క మొదలుపెట్టాను. పాప ఎనిమిది కిలోలు. తనని బేబీ క్యారియర్‌లో గుండెకి కట్టుకుని, నింపిన బ్యాగు వీపున వేసుకుని, మా అపార్ట్‌మెంట్‌లో కింది నుంచి రెండో అంతస్తు దాకా మెట్లెక్కి దిగాను. ఆయాసం వచ్చింది. బ్యాగు విప్పి కొన్ని తీశాను. మళ్లీ ఎక్కాను. మూడోసారికి బ్యాగు ఏడు కిలోలకి వచ్చింది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. ఒక చెయ్యి రైలు తలుపు దగ్గర కమ్మీ పట్టుకోడానికి, ఇంకోటి పాప తల కాపాడుకోడానికి. ఒంటరిగా వెళ్లే తల్లికి ట్రాలీ సూట్‌కేస్ వద్దని నేను గట్టిగా చెప్తాను. అది ఒక చేతిని పూర్తిగా తినేస్తుంది.

తీసేసిన వాటిలో ఎక్కువ భాగం డైపర్లే. పది రోజులకి సరిపడా కొని పెట్టారు ఇంట్లో. కానీ రైలుకి కావాల్సినవెన్ని? మూడు గంటలకొకటి చొప్పున ఐదు. రైలు లేటైతే మూడు. కడుపు కాస్త అటూ ఇటూ అయితే రెండు. మొత్తం పది. మిగతావి నరసన్నపేట మందుల షాపులో దొరుకుతాయని మరిదిని ముందే కనుక్కోమన్నాను. దొరుకుతాయన్నాడు. అక్కడ దొరకనివే ఇక్కణ్నుంచి మోయాలి అని గీత గీసుకుంటే సగం గోల అక్కడికక్కడే తగ్గిపోతుంది.

బట్టలకో చిన్న ఉపాయం. ఫ్రాకు, లోపలి బనియన్, డైపర్ కలిపి ఒక జిప్ కవర్. అలాంటివి నాలుగు. అర్ధరాత్రి చీకట్లో బ్యాగంతా తిరగేయక్కర్లేదు, ఒక కవర్ లాగితే చాలు. విప్పిన తడి బట్టలు అదే కవర్లోకి. నాక్కూడా ఒక స్పేర్ కుర్తీ చేతికందేలా పెట్టుకున్నాను. పాప కక్కేది తన ఫ్రాకు మీద కంటే నా భుజం మీదే ఎక్కువ. ఈ ఒక్కటీ చాలా లిస్టుల్లో ఉండదు, ఎందుకో!

ఇక మెత్తబడ్డ పాత నేతచీర ఒకటి. బెర్తు మీద పరుచుకోవచ్చు, పాలిచ్చేటప్పుడు అడ్డం వేసుకోవచ్చు, ఏసీ ఎక్కువైతే కప్పొచ్చు. మూడు దుప్పట్ల పని చేసింది.

అమ్మ మాత్రం వీడ్కోలుకి వచ్చి, బ్యాగు పక్క జేబులో రెండు ఎండుమిర్చి, ఒక చిన్న ఇనుప మేకు వేసింది. దిష్టికట. నేనేమీ అనలేదు. బరువు లేనివాటి మీద నాకు పేచీ లేదు.

టికెట్ దగ్గరే సగం పని

రైల్లో ఐదేళ్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. అయితే బెర్తు కూడా ఉండదు. అంటే పాప నాతోనే, రెండడుగుల వెడల్పు కూడా లేని బెర్తు మీద. పై బెర్తు వస్తే ఇక ప్రయాణం మానుకోవాల్సిందే. బుకింగ్ చేసేటప్పుడు కనీసం ఒక లోయర్ బెర్తు వస్తేనే బుక్ చెయ్యి అనే ఆప్షన్ ఉంటుంది. దాని మీద టిక్ పెట్టండి. లేకపోతే 'ప్రిఫరెన్స్' అని అడిగామన్న మాటేగానీ వస్తుందన్న గ్యారంటీ ఉండదు. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి, ముందే తెలిసిన ప్రయాణమైతే ఆ రోజు పొద్దున్నే కూర్చోవడం మంచిది. మాది హఠాత్తుగా అనుకున్నది. సంక్రాంతి రద్దీ తగ్గాక కాబట్టి థర్డ్ ఏసీలో దొరికింది.

2022లో లక్నో మెయిల్‌లో లోయర్ బెర్తుకి ఆనించి మడత పెట్టే చిన్న 'బేబీ బెర్తు' పెట్టి చూశారు. ఫొటోలు వైరల్ అయ్యాయి గుర్తుందా? ఆ ఒక్క ఫొటో చూసి నా ఫ్రెండ్స్ ఇప్పటికీ "మీ బోగీలో ఉంటుందిలే" అంటుంటారు. అది ప్రయోగంగా పెట్టింది. మన బోగీలో ఉంటుందని లెక్కేసుకోకండి. పాపని గోడవైపు పడుకోబెట్టి, నేను అంచువైపు అడ్డంగా పడుకుని, మధ్యలో చీర మడత. ఇదే నా బేబీ బెర్తు.

విమానంలో వెళ్లొచ్చు కదా అని చాలామంది అన్నారు. విశాఖ దాకా గంటలో వెళ్లొచ్చు, నిజమే. అక్కణ్నుంచి మళ్లీ వంద కిలోమీటర్ల రోడ్డు. మా జేబుకి రైలే దగ్గర. విమానం ఎక్కేవాళ్లకి రెండు ముక్కలు. రెండేళ్ల లోపు పిల్లలు ఒళ్లో కూర్చోవచ్చు, వయసు చూపించే జనన ధ్రువీకరణ పత్రం దగ్గరుంచుకోవాలి. ప్రయాణానికి సరిపడా పాలు, బేబీ ఫుడ్ సెక్యూరిటీ దగ్గర అనుమతిస్తారు. విమానం కిందికి దిగేటప్పుడు పాలివ్వండి. మింగుతుంటే చెవుల్లో ఒత్తిడి తగ్గుతుంది.

ఫ్లాస్కు సంగతి

పాప ఇంకా తల్లిపాలు తాగుతుంది. పైన రోజుకి రెండు మూడుసార్లు ఉగ్గు. నాకు అన్నిటికంటే ఎక్కువ ఆలోచన తెప్పించింది నీళ్లు.

చాలామంది చిన్న ఎలక్ట్రిక్ కెటిల్ తీసుకెళ్తే సరి అనుకుంటారు. రైల్లో అది నిషేధం. ఆ సాకెట్లు ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌కి మాత్రమే. కెటిల్ పెడితే మంటలొచ్చే ప్రమాదం ఉంది, కేసు కూడా పెడతారు. పైగా రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున ఐదు దాకా ఛార్జింగ్ పాయింట్లకి కరెంటు ఆపేయాలని రైల్వే ఆదేశాలున్నాయి. కాబట్టి పవర్ బ్యాంక్ ఇంట్లోనే నింపుకోండి. వేడినీళ్లకి మంచి స్టీలు ఫ్లాస్కే దిక్కు. కొత్తది కొంటే ప్రయాణానికి రెండు రోజుల ముందు ఇంట్లోనే పరీక్ష పెట్టండి. సాయంత్రం మరిగిన నీళ్లు పోసి, తెల్లారి మూత తీసి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఆ ఫ్లాస్కు ఇంట్లో కాఫీకి ఉంచుకోండి.

పాలపొడి పట్టేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. పొడి కలిపే నీళ్లు కనీసం 70 డిగ్రీల వేడి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. పొడిలో ఉండే సూక్ష్మక్రిములు ఆ వేడికే చస్తాయి. కలిపి, చల్లార్చి, పట్టాలి. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి. అందుకే ఇంట్లో ముందే కలిపి సీసాల్లో నింపుకెళ్లే పద్ధతి పనికిరాదు. పొడిని కొలతగా చిన్న డబ్బీల్లో పోసుకెళ్లి అప్పటికప్పుడు కలపాలి. తల్లిపాలు పిండి పెట్టుకుంటే మామూలు గది వేడిలో నాలుగు గంటల దాకా ఉంటాయి.

మా ఉగ్గు పొడి అత్తగారి లెక్కే. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి మెత్తగా పట్టించినది. వేడినీళ్లు పోసి కలిపి ఐదు నిమిషాలు మూతపెడితే మెత్తబడుతుంది. ఉప్పు, పంచదార ఏడాది దాకా వద్దన్నారు డాక్టర్. తేనె అయితే ఏడాది లోపు చుక్క కూడా నాకించకూడదు. పసిపిల్లల్లో బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెస్తుంది. తినిపించడానికి స్టీలు ఉగ్గుగిన్నె తీసుకెళ్లాను. సీసా, నిపుల్, బ్రష్ గోల లేదు. రెండు చెంచాల వేడినీళ్లతో కడిగేస్తే అయిపోయింది. ఇవికాక రెండు అరటిపళ్లు. తొక్కే దానికి ప్యాకింగ్!

మందుల డబ్బాలో ఏముంది, ఏం లేదు

మా బంధువుల్లో ఒక పెద్దామె ఫోన్ చేసి రహస్యంగా చెప్పింది. "రైలెక్కే ముందు జలుబు సిరప్ ఒక అర మూత పట్టు, తెల్లార్లూ కదలదు." ఈ సలహా మీకూ ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. దయచేసి వినొద్దు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందుల్ని నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని లేబుల్ మీద రాయాలని 2023లో మన ఔషధ నియంత్రణ సంస్థే ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషపు రసాయనం కలిసిన దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయారు. ఆ తర్వాత, రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని కేంద్రం మళ్లీ చెప్పింది. నాకు నిద్ర లేకపోతే పోయింది, ఒక రాత్రే కదా.

జ్వరానికి పారాసెటమాల్ ఒకటే. కానీ ఇక్కడే ఒక మెలిక. పసిపిల్లల డ్రాప్స్‌లో ఒక్క ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్‌లో అయితే ఐదు ఎంఎల్‌కి 120 లేదా 250. అంటే డ్రాప్స్ చూడ్డానికి బుల్లి సీసాయే అయినా, 120 సిరప్‌తో పోలిస్తే నాలుగు రెట్ల ఘాటు. ఇంట్లో డ్రాప్స్ వాడి, ఊళ్లో సిరప్ కొని అదే కొలత పోస్తే తక్కువవుతుంది. తిప్పి పోస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే వాడే సీసానే తీసుకెళ్లాను. పాప బరువుకి ఎన్ని ఎంఎల్ అనేది డాక్టర్ చేత రాయించుకుని సీసాకి టేపుతో అంటించాను. అర్ధరాత్రి మెలకువలో ఎవరికి లెక్కలు గుర్తుంటాయి?

ఇక ఓఆర్‌ఎస్. ప్రయాణంలో పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు చాలా త్వరగా పోతుంది. మందుల షాపుకెళ్లి "ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అంటే మొన్నమొన్నటి దాకా రంగురంగుల టెట్రా ప్యాకెట్లు చేతిలో పెట్టేవారు. పేరులో ఓఆర్‌ఎస్, లోపల పంచదార నీళ్లు. ఎక్కువ చక్కెర విరేచనాలని ఇంకా పెంచుతుంది. దీని మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లేని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడండి. లీటరు నీళ్లకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉండాలి. చిన్న ప్యాకెట్ అయితే 200 ఎంఎల్‌కి. ప్యాకెట్ మీద ఎంత నీళ్లంటే అంతే, మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ ఉజ్జాయింపుగా కలపడం వద్దు. విరేచనం అయిన ప్రతిసారీ చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. పాలు ఆపక్కర్లేదు. కలిపింది ఇరవై నాలుగు గంటల తర్వాత పారబోయాలి. నేను చిన్న ప్యాకెట్లు ఆరు పెట్టుకున్నాను. ఒక్కటి కూడా విప్పే పని పడలేదు, బతికిపోయాం.

ఇవిగాక థర్మామీటర్, ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు, డైపర్ ఒరుపుకి క్రీమ్, టీకాల కార్డు. కార్డు ఫొటో ఫోన్‌లో కూడా.

రాత్రి

రైలు కదిలిన గంటలోనే పాప బోగీకంతా చుట్టమైపోయింది. ముద్దొచ్చే పిల్ల అని ఒకాయన బుగ్గ గిల్లబోయాడు. ఒకావిడ బిస్కెట్ చేతిలో పెట్టబోయింది. మొహమాటానికి పోతే పాపకి జలుబు. కసిరితే పదిహేను గంటలు పక్కపక్కనే కూర్చోవాలి. "డాక్టర్‌గారు వద్దన్నారండీ" అని నవ్వుతూ అన్నాను. మన జనం తల్లి మాట వినకపోయినా డాక్టర్ పేరు చెబితే వెంటనే చెయ్యి వెనక్కి తీస్తారు.

విజయవాడ దాకా బుద్ధిగా పడుకుంది. రాజమండ్రి దాటాక లేచింది చూడండి, తుని దాకా ఒకటే ఏడుపు. డైపర్ మార్చాను, పాలిచ్చాను, జ్వరం చూశాను. ఏమీ లేదు. కొత్త చోటు, అంతే. పై బెర్తులో ఎవరో విసుగ్గా నిట్టూర్చారు. క్యారియర్‌లో కట్టుకుని వాష్‌బేసిన్ దగ్గర అటూ ఇటూ నడుస్తుంటే, ఎదురు బెర్తు పెద్దావిడ లేచి వచ్చింది. విజయనగరంలో దిగేవాళ్లట. "మా గుంటలూ ఇంతేనమ్మా. ఓసారి నాకియ్యి, నువ్వు మంచినీళ్లు తాగు" అంది. పాపని ఇవ్వకుండా, నా వాటర్ బాటిల్ మాత్రం ఆవిడ చేతికిచ్చి మూత తీసిపెట్టమన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. పక్కనే నిలబడి ఏదో పాట కూనిరాగం తీసింది. పది నిమిషాలకి పాప నిద్రపోయింది. ఆ పాటకో, అలసటకో!

ఒక చిన్న మాట. వాడిన డైపర్ని దయచేసి టాయిలెట్‌లో వేయకండి. ఇప్పుడు బోగీల్లో ఉన్నవి బయో టాయిలెట్లు, ఒక్క డైపర్‌తో పూడుకుపోతాయి. పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి చెత్తబుట్టలో వేస్తే సరి. ఆ పేపర్లు కూడా నా బ్యాగులో ఉన్నాయి. బోగీలో ఏదైనా ఇబ్బందైతే 139కి ఫోన్ చేయొచ్చు.

చీపురుపల్లికి అలారం పెట్టుకున్నాను. అక్కడే పాపకి ఫ్రాకు మార్చి, క్యారియర్ బిగించి, బెర్తు కింద, దిండు కింద ఓసారి చూసుకున్నాను. పొందూరు దాటేసరికి తలుపు దగ్గరున్నాను. ముందే ఇద్దరు కాలేజీ కుర్రాళ్లతో, "తమ్ముడూ, దిగేటప్పుడు ఈ బ్యాగొక్కటి అందిస్తారా?" అని మాట తీసుకున్నాను. బ్యాగు ఎవరైనా పట్టుకోవచ్చు, పాప మాత్రం నా ఒంటి మీదే. ప్లాట్‌ఫారం మీద మరిది ఉన్నాడు. దిగి ఊపిరి పీల్చుకునేసరికి రైలు కదిలింది.

ఊరికి బండి మీద తీసుకెళ్తానని మరిది మొదట్నుంచీ అంటున్నాడు. నాలుగేళ్ల లోపు పిల్లల్ని టూవీలర్ మీద ఎక్కించాలంటే హార్నెస్ ఉండాలి, తొమ్మిది నెలలు నిండిన పిల్లలకి హెల్మెట్ కూడా ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. అది రూలు. మా పాపకి ఆ హెల్మెట్ వయసే రాలేదు. "వదినా, మా ఊళ్లో అందరూ అలాగే వెళ్తారు" అన్నాడు. "వెళ్లనీ, నువ్వు కారు మాట్లాడు" అన్నాను. మాట్లాడాడు.

మామ్మ మంచం మీద కూర్చోబెట్టగానే పాప ఏడవలేదు, అదే ఆశ్చర్యం. మామ్మకి మొహం ఆనలేదు. చేతులతో తడిమింది. ముందు పాదాలు, తర్వాత మోకాళ్లు, తర్వాత తల. "జుత్తు మా ఆయనది" అంది. తాతయ్య పోయి పందొమ్మిదేళ్లు.

పది రోజులకి మా ఆయన వచ్చారు. తిరుగు ప్రయాణంలో నాలుగు చేతులు కదా అని అత్తమ్మ రాగిపిండి, బెల్లం, పలాస జీడిపప్పు తెచ్చి వరండాలో పేర్చింది. మామ్మ తన పెట్టె తెరిపించి పాత పొందూరు ఖద్దరు చీర తీయించింది. గుంటకి ఉయ్యాలకి మెత్తగా ఉంటుందని. నా బ్యాగు మళ్లీ ఏడు కిలోల దగ్గరుంది. నాలుగు ఫ్రాకులు, రెండు కిలోల బెల్లం బయటికి తీసి, పార్సిల్ వేసెయ్యమని మరిదికిచ్చాను. చీర నేనే మోసుకొచ్చాను.